తుఫాను వేళ సెల్‌ఫోను: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకొని పోయినవి. తంతి తీగెలు, టెలిఫోను తీగెలు తెగిపోవుటచే జరిగిన ఘోరము ఎంతటిదో బయటివారికి వెంటనే తెలియలేదు. తెలియుట ఆలస్యమైనకొలది సహాయము అందుటయు ఆలస్యమయ్యెను.

నేడు కోస్తాజిల్లాలలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. కూలికి పోవు స్త్రీ కొంగున ఒక ఫోను, వలకు పోవు జాలరి లుంగీమడతలో ఒక ఫోను కానవచ్చును. కావున దివిసీమనాటి దుస్థితి మరల రాదని పలువురు నమ్మియున్నారు. ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. గాలి రాకమునుపు హెచ్చరికను ఇంటింటికి చేర్చుటలో ఫోను చేయు మేలు గొప్పది. కాని గాలి వచ్చిన పిమ్మట మొదట మూగబోవు వస్తువులలో అదియే ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు ఉండెను. అంతటి మహానగరమున కరెంటు పోయెను, ఫోనులు పోయెను. దేశాంతరములందున్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమము తెలియక రోజుల తరబడి తల్లడిల్లిరి. నగరమునకే అట్టి గతి పట్టినపుడు పల్లెల సంగతి వేరుగ చెప్పవలెనా?

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములోని కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకూలినవి. ఆ తరువాతి దినములలో ఈ రచయిత విధినిర్వహణలో ఆ ప్రాంతమున తిరుగుట తటస్థించినది. ఒక గ్రామమున కూలిన పశువులపాక ప్రక్క నిలిచియున్న ముసలమ్మను, "ఇంటివారికి కబురు చేసితివా అమ్మా?" అని అడుగగా ఆమె కొంగుముడి విప్పి ఫోను చూపినది. "ఫోనుంది బాబూ, గాని దాని పేణం పోనాది" అన్నది. ఆ మాటలోనే మన పాఠమంతయు ఇమిడియున్నది. ఫోను ప్రాణము రెండుచోట్ల ఉన్నది: ఒకటి చేతిలోని బ్యాటరీలో, రెండవది ఊరికి దూరమున నిలిచిన టవరులో. మొదటిది మన వశము. రెండవది కాదు. అయినను దాని స్వభావము తెలిసినచో చాల మేలు కలదు.

టవరు మూగబోవుటకు అది కూలిపోనవసరము లేదు. కూలిన టవర్లకంటె, నిటారుగ నిలిచియుండియు పని చేయని టవర్లే ఎక్కువ. టవరు కరెంటుతో నడుచును. కరెంటు పోయిన వెంటనే దాని క్రిందనుండు బ్యాటరీలు భారము మోయును. అవి కొన్ని గంటలపాటు మాత్రమే చాలును. తరువాత డీజిలు జనరేటరు ఆడవలెను. డీజిలు తెచ్చు బండి రావలెనన్న రోడ్డు ఉండవలెను. రోడ్డుపై చెట్లు పడియున్నవి. కనుక గాలి వీచునపుడు పలికిన ఫోను, గాలి తగ్గి ఎండ కాసిన మరునాడు పలుకకుండుట వింత కాదు. ఈ సంగతి తెలియనివారు "తుఫాను పోయినది గదా, ఇక సిగ్నలు వచ్చును" అని బ్యాటరీని దుబారా చేయుదురు.

రెండవ కారణము మరియొకటి కలదు. కొన్నివేళల తెరమీద సిగ్నలు గీతలు నిండుగ కనిపించును, కాని ఎవరికిని కాలు కలియదు. ప్రజలు ఫోను చెడినదనుకొందురు. నిజమేమనగా, మన ఫోనునకును టవరునకును నడుమ మాట సాగుచునే యున్నది. టవరునకును పట్టణమందలి కేంద్రమునకును నడుమ బాట తెగినది. ఆ బాట చాలచోట్ల భూమిలో పాతిన ఫైబరు తీగె, కొన్నిచోట్ల స్తంభములపై వ్రేలాడు తీగె. చెట్టు వ్రేళ్ళతో పెకలినపుడు దానిని కూడ పెకలించును. ఇచట పంచాయతీవారు ముఖ్యముగ గమనింపవలసినది ఒకటి ఉన్నది. తుఫాను పిమ్మట రోడ్డు బాగుచేయుటకు జె.సి.బి. యంత్రము వచ్చును. గాలికి తెగక మిగిలిన తీగె ఆ యంత్రము పంటిక్రింద తెగిన ఘట్టములు కలవు. తీగె పోవు మార్గమున కంపెనీవారు పాతిన గుర్తురాళ్ళుండును. అవి ఎచట నున్నవో ఎరిగిన మనిషి ఒకడు యంత్రము ముందు నడచినచో గ్రామము మరి రెండుదినములు మూగబోకుండ తప్పించుకొనవచ్చును.

మూడవది రద్దీ. ఒక టవరు ఒక్కసారిగ కొందరి సంభాషణలనే మోయగలదు. ఆపద వేళ ఊరివారందరు ఒక్కమారే ఫోను చేయుదురు. బయటనుండి హైదరాబాదులోని కొడుకు, కువైటులోని అల్లుడు, బెంగుళూరులోని మేనల్లుడు ఒక్కమారే ఫోను చేయుదురు. కోనసీమనుండి గల్ఫుదేశములకు పోయినవారి సంఖ్య తెలిసినవారికి ఈ రద్దీ ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. దీనికి విరుగుడు ఇది: ప్రతి కుటుంబమును తుఫాను తాకని దూరపట్టణమున నున్న ఒక్క బంధువును కబురుమనిషిగ ముందే ఏర్పరచుకొనవలెను. ఊరినుండి అతనికి ఒక్కమారు "క్షేమము" అని తెలిపిన చాలును. మిగిలిన చుట్టములందరు అతనినే అడిగి తెలిసికొందురు. పది కాలులు ఒక్క కాలగును. ఆదా అయిన తొమ్మిది కాలులలో ఒకటి ప్రక్కవీధి గర్భిణికి అంబులెన్సు పిలుచుటకు పనికి రావచ్చును.

కాలు కలియనపుడు సందేశము పంపవలెను. మాట పోవుటకు బాట అంతయు మాటలాడినంతసేపు మనకై ఖాళీగ నుండవలెను. ఎస్.ఎం.ఎస్. అట్లు కాదు. అది చిన్న చీటీవంటిది. క్షణకాలము సందు దొరికిన చాలును, దూరిపోవును. అవతలివారి ఫోను ఆ వేళ పలుకకున్నను కేంద్రమున నిలువయుండి, పలికినపుడు చేరును. వాట్సాపు సందేశమునకు ఇంటర్నెట్టు కావలెను. ఎస్.ఎం.ఎస్.కు అది అక్కరలేదు. తెలుగు లిపిలో వ్రాసిన సందేశమున 70 అక్షరగుర్తులే ఒక చీటీలో పట్టును. అంతకు మించినచో అది రెండు మూడు ముక్కలై పోవును. ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో 160 పట్టును. కనుక పొడుగు ఉత్తరములు వ్రాయరాదు.

ఏమి వ్రాయవలెనో కూడ ముందే అభ్యసించుట మేలు. "కాపాడండి, చాలా కష్టంగా ఉంది" అను సందేశమును చూచి కంట్రోలు రూములోని ఉద్యోగి ఏమి చేయగలడు? ఏ ఊరు, ఊరిలో ఏ చోటు, ఎందరు, ఏమి కావలెను, ఎన్ని గంటలకు వ్రాసినది, ఈ అయిదును ఉన్నచో పడవ కదలును. "బడి మేడపై 14 మంది. 1 గర్భిణి. పడవ కావాలి. ఉ. 7" అని ఊరి పేరు ముందు చేర్చి వ్రాసిన చాలును. గంట వేయుట మరువరాదు. ఉదయము ఏడు గంటలకు వ్రాసినది రాత్రికి చేరినపుడు, వేళ తెలియనిచో అధికారులు ఖాళీ మేడకు పడవ పంపవలసివచ్చును.

ఇక చేతిలోని బ్యాటరీ సంగతి. ఇందు ఈ రచయిత స్వానుభవము కొంత సిగ్గుతో చెప్పుకొనవలసి యున్నది. తిత్లీ తరువాతి పర్యటనలో నా విలువైన ఫోను మొదటిదినమున పది గంటలకే ఆరిపోయెను. మా జీపు డ్రైవరు వద్దనున్న పాత మీటల ఫోను నాలుగు దినములు పలికినది. కార్యాలయమునకు పంపవలసిన వార్తలన్నియు నేను అతని ఫోనులోనే చెప్పితిని. అట్టి మీటల ఫోనులు ఊరిలో ఎవరివద్ద నున్నవో పంచాయతీవారు గుర్తుంచుకొనవలెను. అవి పాతవని చులకన చేయరాదు.

స్మార్టుఫోను ఊరక ఉన్నను తినును. సిగ్నలు లేనిచోట అది మరింత తినును. ఏలయన, టవరుకొరకు వెదకుచు అది తన శక్తినంతయు ధారపోయును. కావున సిగ్నలు లేదని తెలిసిన వెంటనే దానిని విమానపు గుర్తుగల మీటతో నిద్రపుచ్చవలెను, లేదా ఆపివేయవలెను. తెర వెలుగు తగ్గింపవలెను. డేటా అక్కరలేనపుడు ఆపవలెను. టార్చిలైటుగ ఫోనును వాడుట అన్నిటికంటె పెద్ద తప్పు. అయిదు రూపాయల కొవ్వొత్తి చేయు పనికి ఫోనును బలిచేయుట యుక్తము కాదు.

ఇంతకంటె మేలైన ఉపాయము ఊరంతయు ఒక ఏర్పాటునకు వచ్చుట. ఉదయము ఆరు గంటలకు, మధ్యాహ్నము పన్నెండు గంటలకు, సాయంకాలము ఆరు గంటలకు పదేసి నిమిషములు మాత్రము ఫోనులు తెరచి యుంచవలెనని గ్రామసభలో నిర్ణయించుకొనవచ్చును. ఆ వేళలు మండల కార్యాలయమునకును, దూరమందలి బంధువులకును ముందే తెలిపియుంచవలెను. వార్డుకు రెండు ఫోనులు ఉన్నచో ఒకటి మెలకువగ నుండగా రెండవది నిద్రింపవలెను. ఇట్లు చేసిన ఊరిలో నాలుగవదినమున కూడ ఒక ఫోను పలుకును. ఎవరిష్టము వారిదైన ఊరిలో రెండవదినముననే అన్నియు ఆరిపోవును.

బ్యాటరీ నింపుకొనుటకు పవర్‌బ్యాంకు మంచిది. 10,000 గుర్తుగలది ఒక సాధారణ ఫోనును ఒకటిన్నర మారు నింపును గాని, రెండు మార్లు నింపుట కష్టము. ఊరిలోని ట్రాక్టరు, ఆటో బ్యాటరీలు కూడ తగిన ప్లగ్గు ఉన్నచో ఫోనును నింపగలవు. ఆ ప్లగ్గు ధర స్వల్పము. తుఫాను రాత్రి వెదకిన దొరకదు, నేడే కొనియుంచవలెను. జనరేటరు ఉన్నవారు దానిని ఇంటిలోపల గాని, తలుపులు మూసిన వసారాలో గాని నడపరాదు. దాని పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

హెచ్చరికల విషయమునకు వత్తము. వాతావరణశాఖ తుఫాను విషయమున నాలుగు మెట్లలో ప్రకటనలు చేయును. 72 గంటలకు ముందు తొలి సూచన, 48 గంటలకు ముందు అప్రమత్తత, 24 గంటలకు ముందు హెచ్చరిక, 12 గంటలకు ముందు తీరము దాటిన పిమ్మట ఏమి జరుగునో తెలుపు అంచనా. పంచాయతీ పనులు రెండవ మెట్టునందే పూర్తి కావలెను. నాలుగవ మెట్టు నాటికి కరెంటు ఉండునో లేదో చెప్పలేము. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి సచేత్ ఏర్పాటు ద్వారా తెలుగులోనే సందేశములు వచ్చుచున్నవి. ఇది గాక 2023లో పలువురి ఫోనులు ఒక్కమారే పెద్దగ మ్రోగి, తెరమీద పరీక్షా సందేశము కనిపించుట గుర్తుండవచ్చును. అపుడు కొందరు భయపడి ఫోనును దుకాణమునకు తీసికొనిపోయిరి! అది సెల్ బ్రాడ్‌కాస్టు అను పద్ధతికి పరీక్ష. ఈ పద్ధతిలో టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికి, వాని నంబరుతో పని లేకుండ, దండోరా వేసినట్లు కబురు చెప్పును.

అధికారుల కబురుకంటె వదంతి వేగముగ పోవుట మనమెరిగినదే. కట్ట తెగినదనియో, అల వచ్చుచున్నదనియో ఎవరో పంపిన పాత వీడియో చూచి జనము అర్ధరాత్రి పరుగిడుదురు. ఆ పరుగులో ముసలివారు, పిల్లలు గాయపడుదురు. తేదీ, వేళ, పంపిన అధికారి ఎవరో లేని సందేశమును సభ్యులు మరియొకరికి పంపరాదు. దీనికి విరుద్ధమైన అపాయము కూడ కలదు. తుఫాను కన్ను ఊరిమీదుగ పోవునపుడు గాలి హఠాత్తుగ ఆగును. ఆకాశము తేటపడును. "అయిపోయినది" అని ఒకరికొకరు ఫోనులు చేసికొని, పశువులను చూచుటకు బయటికి వత్తురు. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి అంతే ఉద్ధృతముగ కొట్టును. హుద్‌హుద్ నాడు విశాఖవాసులు ఈ రెండు గాలులను చవిచూచిరి. అట్టి నిశ్శబ్దమున వార్డు సభ్యుడు పంపవలసిన సందేశము ఒక్కటే: "ఇంకా ఉన్నది, బయటికి రావద్దు."

పిడుగులు పడునపుడు సెల్‌ఫోను పిడుగును ఆకర్షించునని చెప్పుకొందురు. ఇది నిజము కాదు. కాని ఛార్జింగు తీగె తగిలించియున్న ఫోనుతో మాటలాడుట అపాయకరము. పిడుగు దెబ్బ కరెంటు తీగె వెంబడి రాగలదు. మైదానమున నిలిచి మాటలాడుటయు తగదు. అచట అపాయము ఫోనువలన కాదు, మైదానమువలన.

ఆపదలో పిలువదగిన నంబర్లు కొన్ని గలవు. అన్ని అత్యవసరములకు 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర కంట్రోలు రూమునకు 1070, జిల్లా కంట్రోలు రూమునకు 1077, తెగిన కరెంటు తీగెలను గూర్చి తెలుపుటకు 1912. మీ కంపెనీ టవరు పనిచేయక, తెరమీద అత్యవసర కాలులు మాత్రమే సాధ్యమని ఇంగ్లీషులో కనిపించినచో నిరాశ చెందరాదు. మరియొక కంపెనీ టవరు అందుబాటులో నున్నదని దాని అర్థము. 112 ఆ టవరు మీదుగ పోవును. ఇటీవలి తుఫానులలో ప్రభుత్వ ఉత్తరువు మేరకు, ఒక కంపెనీవారి ఫోను మరియొక కంపెనీ టవరుమీద మామూలు కాలులకు కూడ పలుకునట్లు ఏర్పాటు చేసిరి. దీనిని ఇంట్రా సర్కిల్ రోమింగు అందురు. అట్టి ప్రకటన వెలువడినపుడు ఫోను సెట్టింగులలో నెట్‌వర్కును తానే ఎన్నుకొనునట్లు పెట్టవలెను. అట్లు పలుకకున్నచో జాబితాలో కనిపించు కంపెనీలను ఒక్కొక్కటిగ చేతితో ఎన్నుకొని చూడవలెను. ఊరిలోని చదువుకొన్న యువకులకు ఇది రెండు నిమిషముల పని.

సముద్రముమీదికి పోవు జాలరులు ఒక సంగతి మరువరాదు. తీరము విడిచి కొంతదూరము పోగానే టవరు అందదు. ఫోను ఉన్నదను ధైర్యముతో హెచ్చరికను లెక్కచేయక వేటకు పోయినవానికి, వెనుకకు రమ్మను కబురు చేరదు. పడవలు బయలుదేరకమునుపే ఎవరు పోయిరో రేవువద్ద వ్రాసియుంచు అలవాటు మంచిది.

మరల ఉద్దానపు ఊరికి వత్తము. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి విస్తారముగ నున్నదని రాష్ట్రమంతయు ఎరుగును. డయాలసిస్ చేయించుకొనువారు వారమునకు రెండు మూడుమార్లు ఆసుపత్రికి పోవలెను. ఒకటి రెండుమార్లు తప్పినచో ప్రాణాపాయము. నేను చూచిన గ్రామమున ఒక నడివయసు రైతుకు తుఫాను మరునాడే డయాలసిస్ వంతు. రోడ్డు లేదు. కరెంటు లేదు. కొడుకు ఫోను చేతబట్టి గంటలకొలది తోటలలో తిరిగెను. తుదకు ఊరిచివర బడిమెట్లపై మరియొక కంపెనీ ఫోనులో రెండు గీతలు కనిపించినవి. అది కూడ అతని ఫోను కాదు, బడివద్ద తలదాచుకొన్న ఒక ఆశా కార్యకర్త ఫోను. ఆమె కాలు వలన అంబులెన్సు పెద్దరోడ్డు వరకు వచ్చెను. ఊరి యువకులు పడిన చెట్లు నరకుచు, మంచముపై అతనిని మోసికొని అచటికి చేర్చిరి. అతడు బ్రతికెను. అయినను బడిమెట్లపై సిగ్నలు దొరకునన్న సంగతి ముందే తెలిసియున్నచో ఆ గంటలు వృథా పోయియుండెడివి కావు. ఇంకను ముందు ఆలోచించినచో, 48 గంటల హెచ్చరిక వచ్చిననాడే అతనిని ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చియుండవచ్చును. అట్టివారి విషయమున ఫోను రెండవ ఉపాయమే గాని మొదటిది కాదు.

ఆ గ్రామ పంచాయతీవారు తరువాత చేసిన పని చూడదగినది. వార్డు సభ్యులు వేర్వేరు కంపెనీల ఫోనులు పట్టుకొని ఊరంతయు తిరిగి, ఏ చోట ఏ కంపెనీ పలుకునో వ్రాసికొనిరి. రామాలయపు అరుగు, బడిమెట్లు, చెరువుగట్టు మలుపు, ఈ మూడుచోట్లు తేలినవి. మంచినీటి ట్యాంకు ఎక్కిన బాగుగ దొరకునని కుర్రవారు చెప్పిరి గాని, గాలిలో దానిని ఎక్కుట ప్రమాదమని సభ్యులు ఒప్పుకొనలేదు. పిమ్మట ఒక జాబితా వ్రాసిరి. అందు మొదట డయాలసిస్ రోగులు, తరువాత నెలలు నిండిన గర్భిణులు, మంచము పట్టిన వృద్ధులు, ఒంటరివారు. ఒక్కొక్క పేరునకు ఎదురుగ ఎవరు పోయి పిలువవలెనో ఒక మనిషి పేరు వ్రాసిరి. ఆ మనిషి ఫోను చేయుట కాదు, స్వయముగ తలుపు తట్టవలెను. ఏ ఫోనును పలుకనిచో కాగితముపై కబురు వ్రాసి, పోలీసు స్టేషనుకు తీసికొనిపోవుటకు ఇద్దరు సైకిలు కుర్రవారిని నియమించిరి. స్టేషనులోని వైర్‌లెస్ సెట్టునకు సెల్ టవరుతో పని లేదు. మైకు సెట్టునకు ప్రత్యేకముగ ఒక బ్యాటరీ ఉంచిరి. మైకు కూడ పలుకనిచో టముకు వేయుటకు మనిషిని చెప్పియుంచిరి. ట్రాన్సిస్టరు రేడియో రెండిళ్ళలో ఉన్నది. ఆ ఇళ్ళవారు వార్తలు విని బడివద్ద బోర్డుపై వ్రాయవలెనని ఏర్పాటు.

నంబర్లను ఫోనులో మాత్రమే దాచుకొన్నవారికి ఫోను ఆరినపుడు నంబరు కూడ పోవును. కొడుకు నంబరు కంఠతా వచ్చినవారు నేడు ఊరిలో ఎందరున్నారో సభ్యులు ఒకసారి అడిగి చూడవలెను. ఆ గ్రామమున జాబితాను చేతితో నాలుగు ప్రతులు వ్రాసి, తడవకుండ ప్లాస్టికు సంచులలో పెట్టి, సచివాలయమున ఒకటి, బడిలో ఒకటి, అంగన్‌వాడీలో ఒకటి, సర్పంచి ఇంట ఒకటి ఉంచిరి. మన తీరమున తుఫానులు ఏప్రిల్, మే నెలలలోను, అక్టోబరు నుండి డిసెంబరు వరకును హెచ్చుగ వచ్చును. కనుక మార్చి చివరను, సెప్టెంబరు చివరను ఆ జాబితాను ఒకసారి పైకి చదివి, ప్రతి నంబరుకు ఫోను చేసి చూచుట వారి నియమము. నేను మరల ఆ ఊరికి పోయినపుడు బడిలోని ప్రతిని చూచితిని. సిమ్ములు మార్చినవారి నంబర్లు కొట్టివేసి ప్రక్కన పెన్సిలుతో క్రొత్తవి వ్రాసియున్నవి. అడుగున ఇద్దరు గర్భిణుల పేర్లు తీసివేసి, వారి బిడ్డల పేర్లు చేర్చియున్నవి.